ముందు ఎవరి చెవిన వేయాలి?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో 43 మందిమి ఉన్నాం. ఒకసారి అందరం కలుద్దామనుకున్న తేదీ మారింది. ఆ సంగతి గ్రూపులో పెట్టాను. నీలం టిక్కులు వచ్చాయి, ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు. తీరా పాత తేదీ నాడు నలుగురు తయారై వెళ్లి, "ఇక్కడ ఎవరూ లేరేంటి?" అని నాకు ఫోన్ చేశారు. ఆ తర్వాత ఇంకోసారి తేదీ మార్చాల్సి వచ్చినప్పుడు నేను గ్రూపు జోలికే పోలేదు. మా పిన్నికి ఒక్క ఫోన్ చేసి ఊరుకున్నాను. సాయంత్రానికల్లా ఇద్దరు నాకే ఫోన్ చేసి, "తేదీ మారిందట, నీకు తెలుసా?" అని అడిగారు.

పిన్ని గ్రూపులో నెలకో మాట కూడా రాయదు. రోజుకు పాతిక ఫార్వర్డులు పంపే బాబాయి ఒకాయన ఉన్నారు, ఆయనవి ఎవరూ తెరవరు. మనిషికి ఇట్టే అర్థమయ్యే ఈ తేడాను యంత్రానికి అర్థమయ్యేలా చెప్పాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. కంప్యూటర్ శాస్త్రంలో పాతికేళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. నెట్‌వర్క్‌లో కోటి మంది ఉన్నారు. మీకు పదిమందికి చెప్పే ఓపికే ఉంది. ఆ పదిమంది ఎవరైతే కబురు ఎక్కువమందికి చేరుతుంది? ఇలా ముందుగా చెప్పడానికి ఎంచుకున్నవాళ్లను పరిశోధకులు 'విత్తనాలు' అంటారు.

ఎక్కువ పరిచయాలున్న పదిమందిని ఏరితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఒక చిన్న లెక్క చూద్దాం. రమకు 12 మంది స్నేహితులు, సురేశ్‌కు 11 మంది, కమలకు ఆరుగురే. మనం ఇద్దరికే చెప్పగలం. పరిచయాల లెక్కన రమ, సురేశ్ ముందుంటారు. కానీ వాళ్లిద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లవాళ్లు. సురేశ్ స్నేహితుల్లో తొమ్మిదిమంది రమకూ స్నేహితులే. ఇద్దరికీ చెబితే కబురు చేరేది 14 మందికి. కమల ఆరుగురిలో రమకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. రమకు, కమలకు చెబితే 18 మందికి చేరుతుంది.

కాబట్టి సురేశ్ ప్రభావం ఉన్నవాడా కాదా అని విడిగా అడిగితే జవాబు ఉండదు. రమకు ఇప్పటికే చెప్పామా లేదా అన్నది తేలితేనే సురేశ్ విలువ తేలుతుంది. పలుకుబడి మనిషి జేబులో ఉండే వస్తువు కాదు, పక్కవాళ్లను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. నా దృష్టిలో ఈ రంగం మొత్తానికి ఇదే గుండెకాయ. మిగతా గణితమంతా దీని చుట్టూ అల్లుకున్నదే.

పరిచయాల సంఖ్య కాకుండా వేరే కొలతలూ ఉన్నాయి. రెండు గుంపుల మధ్య వంతెనలా ఉన్న మనిషిని పట్టే కొలత ఒకటి. ముఖ్యమైనవాళ్లకు తెలిసినవాళ్లే ముఖ్యులు అనుకునే కొలత ఇంకొకటి, వెబ్ పేజీల కోసం గూగుల్ వాడిన పేజ్‌ర్యాంక్ ఈ జాతిదే. ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు, ముందు ఒక్క పరిచయమే ఉన్నవాళ్లను, ఆ తర్వాత ఇద్దరే ఉన్నవాళ్లను తీసేసుకుంటూ పోయి చివరికి మిగిలిన గట్టి మధ్యభాగాన్ని చూసే పద్ధతి మరొకటి. 2010లో మాక్సిమ్ కిట్సాక్ బృందం ఈ పొరల పద్ధతితో ఒక మంచి విషయం చూపించింది. ఒక్కరితోనే మొదలుపెట్టాల్సి వస్తే, ఆ మనిషికి ఎంతమంది తెలుసన్నదానికన్నా, నెట్‌వర్క్ నడిబొడ్డున ఉన్నారా అంచున ఉన్నారా అన్నదే ముఖ్యం. వందమంది తెలిసినా, ఆ వందమందీ అంచున ఉన్నవాళ్లే అయితే కబురు అక్కడే ఆగిపోతుంది. అదే పరిశోధనలో రెండో సగం కూడా ఉంది. ఒకరికన్నా ఎక్కువమందితో మొదలుపెడితే, వాళ్లు ఒకరికొకరు ఎంత దూరంలో ఉన్నారన్నది కీలకమవుతుంది. మళ్లీ రమ, సురేశ్‌ల దగ్గరికే వచ్చాం.

పది శాతం లెక్క

2001లో పెడ్రో డొమింగోస్, మాట్ రిచర్డ్‌సన్ మార్కెటింగ్ కోణంలో ఈ సమస్యను ఎత్తారు. ఒక కొనుగోలుదారు విలువ ఆయన కొన్నదాంట్లోనే లేదు, ఆయన మాట విని కొనేవాళ్లలోనూ ఉందన్నారు. దాన్ని శుభ్రమైన గణిత సమస్యగా మలిచింది 2003లో డేవిడ్ కెంపే, జాన్ క్లైన్‌బర్గ్, ఎవా తార్దోష్. కబురు ఎలా పాకుతుందో చెప్పడానికి వాళ్లు రెండు నమూనాలు తీసుకున్నారు. రెండూ అప్పటికే వేరే రంగాల్లో ఉన్నవే.

మొదటి నమూనాలో, కబురు కొత్తగా తెలిసిన ప్రతి మనిషికీ ఒక్కో స్నేహితుడి దగ్గర ఒక్కటే ఛాన్సు. చెబుతాడు, ఎదుటివాడు పట్టించుకుంటాడు, లేదా వదిలేస్తాడు. మళ్లీ అడగడం లేదు. రెండో నమూనాలో ప్రతి మనిషికీ ఒక గడప ఉంటుంది. తనకు తెలిసినవాళ్లలో ఇంత భాగం ఒప్పుకుంటేగానీ తాను ఆ గడప దాటడు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1978లోనే ఈ గడపల గురించి రాశాడు.

మొదటి నమూనాను దగ్గరగా చూద్దాం. ఒక్కో స్నేహితుడి మాట మీమీద పనిచేసే అవకాశం 10 శాతం అనుకోండి. ఒక్కరు చెబితే 10 శాతం. ఇద్దరు విడివిడిగా చెబితే 20 కాదు, 19. ఎందుకంటే ఇద్దరి మాటా పనిచేయకుండా పోయే అవకాశం 81 శాతం ఉంది కదా. ముగ్గురు చెబితే 27.1. అయిదుగురు చెప్పినా 41 శాతం దగ్గరే ఆగుతుంది. మొదటి మనిషి పది పాయింట్లు తెచ్చాడు, రెండో మనిషి తొమ్మిది, మూడో మనిషి ఎనిమిది చిల్లర. ఆకలి మీద తిన్న మొదటి ముద్దకు ఉన్న రుచి పదో ముద్దకు ఉండదు. అలాగే విత్తనాల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో కొత్త విత్తనం తెచ్చిపెట్టే అదనం తగ్గుతూ వస్తుంది. దీన్ని గణితంలో సబ్‌మాడ్యులారిటీ అంటారు. పేరు భయపెడుతుంది గానీ విషయం ఇంతే.

ఈ గుణం ఎందుకు ముఖ్యమో చూడండి. వెయ్యిమందిలోంచి పదిమందిని ఎన్ని రకాలుగా ఏరవచ్చు? 26 రాసి పక్కన 22 సున్నాలు పెడితే దాదాపు అన్ని. ఒక్కో జట్టునూ పరీక్షించి చూడటం ఏ కంప్యూటర్ వల్లా అయ్యే పని కాదు. అందుకు ఒక మోటు పద్ధతి ఉంది. ముందు ఒక్కరిని, అందరికన్నా ఎక్కువ లాభం తెచ్చేవారిని తీసుకో. వారిని ఉంచి, అదనంగా ఎక్కువ లాభం తెచ్చే రెండోవారిని తీసుకో. అలా పదిమందీ అయ్యేదాకా. వెనక్కి తిరిగి చూడటం ఉండదు, ఒకసారి తీసుకున్నవారిని మార్చడం ఉండదు. దీన్ని గ్రీడీ పద్ధతి అంటారు. మామూలుగా ఇలాంటి మోటు పద్ధతులు ఎక్కడో ఒకచోట బోల్తా కొడతాయి. కానీ అదనపు లాభం తగ్గుతూ పోయే సమస్యల్లో ఇది బోల్తా కొట్టదని 1978లో నెమ్‌హౌసర్, వోల్సీ, ఫిషర్ నిరూపించారు. అన్నిటికన్నా మంచి జట్టు సాధించగలిగేదాంట్లో కనీసం 63 శాతం ఈ పద్ధతి సాధించి తీరుతుంది. ఆ అన్నిటికన్నా మంచి జట్టు ఏదో మనకు ఎప్పటికీ తెలియకపోయినా సరే! నాకు ఈ ఫలితం చదివిన ప్రతిసారీ కాస్త మాయలాగే ఉంటుంది. కెంపే బృందం చేసింది, కబురు పాకే సమస్యకు ఈ గుణం ఉందని చూపించడం.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఫలానా జట్టుతో మొదలుపెడితే కబురు సగటున ఎంతమందికి చేరుతుందో తెలియాలంటే, అదృష్టం మీద ఆధారపడిన ఆ పాకుడును కంప్యూటర్‌లో వేలసార్లు ఆడించి సగటు తీయాలి. ప్రతి విత్తనానికీ, నెట్‌వర్క్‌లోని ప్రతి మనిషికీ ఇది చేయాలి. పెద్ద నెట్‌వర్క్ అయితే రోజులు పడుతుంది. 2007లో యూరే లెస్కోవెత్స్ బృందం ఒక కిటుకు పట్టింది. అదనపు లాభం తగ్గడమే తప్ప పెరగదు కాబట్టి, నిన్నటి లెక్కలోనే వెనకబడినవారిని ఇవాళ మళ్లీ లెక్కించక్కర్లేదు. ఈ ఒక్క ఆలోచనతో పని 700 రెట్ల దాకా వేగం పుంజుకుంది.

2014లో వచ్చిన ఇంకో ఆలోచన నాకు ఇంకా నచ్చుతుంది. ముందుకు చూడటం మానేసి వెనక్కి నడవడం అది. నెట్‌వర్క్‌లో ఎవరో ఒకరిని గుడ్డిగా పట్టుకుని, "ఈ మనిషిదాకా కబురు వచ్చి ఉంటే ఎవరెవరి దగ్గర మొదలై ఉండొచ్చు?" అని వెనక్కి జాడ తీస్తారు. అలా వేలమందికి జాబితాలు తయారుచేస్తారు. ఎక్కువ జాబితాల్లో కనపడే పేరే మొదటి విత్తనం. ఆ పేరున్న జాబితాలన్నీ పక్కన పెట్టి, మిగిలినవాటిలో ఎక్కువసార్లు కనపడే పేరు రెండోది. తర్వాత వచ్చిన వేగమైన అల్గారిథమ్‌లు చాలావరకు ఈ వెనక నడక మీదే కట్టినవి.

ఫోన్ నెట్‌వర్క్ సంగతి వేరు

ఇప్పటిదాకా చెప్పిందాంట్లో ఎవరికి ఎవరు తెలుసో మనకు ముందే తెలుసనుకున్నాం. ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి అదే తేలని ప్రశ్న. ఫోన్ కంపెనీ దగ్గర ఉండే కాల్ రికార్డు ఒక వరుస. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవరు పరిధిలో. ఏం మాట్లాడుకున్నారన్నది అందులో ఉండదు. దీన్నుంచి పరిచయాల పటం గీయాలి.

గీసి చూస్తే మొదట పైకి తేలే 'మహా ప్రభావశీలి' ఎవరో ఊహించండి. రోజుకు కొన్ని వందలమందికి ఫోన్ చేసే కాల్ సెంటర్ నంబరు! దాని నుంచి బయటికి వెళ్లే గీతలు లెక్కలేనన్ని, తిరిగి వచ్చేవి దాదాపు సున్నా. అందుకే ఈ పని చేసేవాళ్లు రెండువైపులా కాల్స్ ఉంటేనే అది పరిచయం అని ఒక షరతు పెట్టుకుంటారు. 2007లో యుక్కా-పెక్కా ఓన్నెలా బృందం 40 లక్షలకు పైగా ఫోన్ వాడకందారుల పటాన్ని ఇలాగే గీసింది. నేను నీకు చేశాను, నువ్వు నాకు చేశావు, అప్పుడే గీత. మాట్లాడిన సమయాన్ని బట్టి ఆ గీత మందం.

ఆ పటంలో బయటపడిన సంగతి అందరూ అనుకునేదానికి తలకిందులుగా ఉంది. మందమైన గీతలను, అంటే గంటలకొద్దీ మాట్లాడుకునే జంటలను, ఒక్కొక్కటిగా తుడిచేస్తూ పోతే నెట్‌వర్క్ నెమ్మదిగా చిక్కిపోతుందే తప్ప చెదరదు. సన్న గీతలను, ఎప్పుడో ఒకసారి పలకరించుకునే పరిచయాలను, ముందు తుడిచేస్తే ఒక దశలో నెట్‌వర్క్ ముక్కలు ముక్కలైపోతుంది. దగ్గరివాళ్ల మాటలు ఒకే గుంపులో గిరగిర తిరుగుతాయి. ఆనోటా ఈనోటా పడి బయటి గుంపుకు చేరేది ఆ సన్న దారాల మీదుగానే.

గుంపులుగా ఉండటమనే ఈ గుణాన్నే 2010లో యూ వాంగ్, గావో కాంగ్ తదితరులు పనిముట్టుగా మార్చుకున్నారు. మొబైల్ సోషల్ నెట్‌వర్క్‌లో ముఖ్యులను ఏరడానికి నెట్‌వర్క్ మొత్తాన్ని ఒకేసారి ఎత్తుకోవడం దేనికని, దాన్ని ముందు గుంపులుగా విడదీశారు. ఒక మనిషి మాట ఎక్కువగా తన గుంపులోనే తిరుగుతుంది కాబట్టి, ఎవరి ప్రభావం ఎంతో ఆ గుంపు వరకే లెక్కించారు. తర్వాతి విత్తనం ఏ గుంపులోంచి తీస్తే ఎక్కువ లాభమో ప్రతిసారీ పోల్చి చూసుకుంటూ పోయారు. కొంచెం కచ్చితత్వం వదులుకుని చాలా సమయం మిగుల్చుకునే బేరం అది. అంతకుముందు ఏడాదే వెయ్ చెన్ బృందం ఇంకా చవకైన దారి చూపింది. ఒకరిని ఎంచుకోగానే వారి స్నేహితుల మార్కులు కాస్త కోసేయడం. సురేశ్‌కు రమ పక్కన ఉన్నందుకు పడిన కోతలాంటిదే, కాకపోతే సూత్రం ప్రకారం.

ఫోన్లకు ఇంకో ముఖం కూడా ఉంది. అవి జేబుల్లో తిరుగుతాయి. ఇద్దరు మనుషులు ఒకరి నంబరు ఒకరికి తెలియకపోయినా, రోజూ ఒకే బస్సులో అయిదడుగుల దూరంలో కూర్చోవచ్చు. వాళ్ల ఫోన్లు బ్లూటూత్‌తో ఒకదాన్నొకటి చూస్తూనే ఉంటాయి. 2004లో ఎమ్‌ఐటీలో నేథన్ ఈగల్, అలెక్స్ పెంట్లాండ్ వందమందికి నోకియా 6600 ఫోన్లిచ్చి, అయిదు నిమిషాలకోసారి చుట్టూ ఏ బ్లూటూత్ పరికరాలు ఉన్నాయో నమోదు చేయించారు. ఎవరు ఎవరి దగ్గర ఎంతసేపు ఉంటున్నారో తెలిపే పటం అలా వచ్చింది. కాల్స్ పటం వేరు, ఇది వేరు.

ఈ దగ్గరితనం పటం మీద ఆడిన ఒక తెలివైన ఆట ఉంది. ఒకే వీడియోను వెయ్యిమంది డౌన్‌లోడ్ చేసుకుంటే టవరు మీద వెయ్యి రెట్ల భారం. అలా కాకుండా టవరు కొద్దిమందికే పంపి, మిగతావాళ్లకు ఫోన్ నుంచి ఫోన్‌కు బ్లూటూత్ మీదో వైఫై మీదో చేరేలా చేస్తే? బో హాన్, పాన్ హుయ్, అరవింద్ శ్రీనివాసన్ తదితరులు ఈ సమస్యకు అచ్చం కెంపే బృందం పద్ధతినే తెచ్చి తగిలించారు. మనుషులు నిజంగా తిరిగిన రికార్డుల మీద పరీక్షిస్తే టవరు మీది భారం 73.66 శాతం దాకా తగ్గే వీలు కనపడింది. ఇక్కడ మంచి విత్తనం అంటే మాటకారి కాదు, బాగా తిరిగే మనిషి. నోరు విప్పక్కర్లేదు, ఫోన్‌లో బ్యాటరీ ఉంటే చాలు.

అయితే ఈ పటంలో గడియారం కూడా ఉంటుంది. నేను నిన్ను పొద్దున కలిసి, నువ్వు ఇంకొకరిని సాయంత్రం కలిస్తే కబురు నా నుంచి వాళ్లకు చేరుతుంది. కలిసిన వరుస తిరగబడితే, అదే ముగ్గురం, అవే రెండు కలయికలు, కబురు మాత్రం ఆ రోజుకు చేరదు. కాగితం మీద గీసిన బొమ్మలో ఈ తేడా కనపడదు.

ప్రభావమా, పోలికా?

ఇంతవరకూ గణితం చెప్పినదంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది. స్నేహితుడు చేశాడు కాబట్టే నేనూ చేశాను అన్న ఊహ. నిజంగా అంతేనా?

సినాన్ అరాల్ బృందం 2009లో దీన్నే పట్టుకుంది. యాహూ గో అనే మొబైల్ అప్లికేషన్‌ను ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో, యాహూ మెసెంజర్ వాడే 2 కోట్ల 74 లక్షలమంది నెట్‌వర్క్‌లో రోజువారీగా చూశారు. స్నేహితుడి వెనకాలే స్నేహితుడు చేరడం స్పష్టంగా కనపడింది. అంటువ్యాధిలా ఉంది. కానీ ఒకే వయసు, ఒకే అభిరుచి, ఒకే రకం వాడకం ఉన్నవాళ్లను జతలుగా పెట్టి పోల్చేసరికి సగానికి పైగా మాయమైంది. ఆ సగంలో ఒకరు చెబితే ఒకరు చేరలేదు. ఒకే రకం మనుషులు కాబట్టి ఎవరికివారే చేరారు, వరుస మాత్రం ముందూ వెనకా అయింది. అంతకుముందున్న పద్ధతులు ప్రభావాన్ని 300 నుంచి 700 శాతం ఎక్కువ చేసి చూపిస్తున్నాయని వాళ్లు తేల్చారు. వాన మొదలవగానే వీధిలో అందరూ గొడుగులు తెరుస్తారు. ముందు తెరిచినవాడు మిగతావాళ్లను ప్రభావితం చేశాడంటే ఎంత నవ్వులాటగా ఉంటుందో, కొన్ని 'వైరల్' కథలూ అంతే.

ఫాలోవర్ల సంఖ్య గురించి చెప్పనక్కర్లేదు. 2010లో మీయంగ్ చా బృందం కోట్ల ట్విటర్ ఖాతాలను పరిశీలించి, ఎక్కువమంది ఫాలోవర్లు ఉన్నవారికే ఎక్కువ రీట్వీట్లు, ప్రస్తావనలు వస్తాయన్న నమ్మకానికి ఆధారం పెద్దగా లేదని చూపించింది. మా బాబాయిగారి ఫార్వర్డులు గుర్తున్నాయి కదా. డంకన్ వాట్స్, పీటర్ డాడ్స్ 2007లోనే ఇంకాస్త ముందుకెళ్లారు. పెద్ద పెద్ద ప్రవాహాలకు కారణం ప్రభావశీలురు కాదు, సులువుగా ప్రభావితమయ్యే మామూలు జనం తగినంతమంది ఉండటమే అన్నారు. ఎవరు నిప్పు పెట్టారన్నదానికన్నా గడ్డి ఎంత ఎండి ఉందన్నదే అసలు సంగతి. నాకు ఈ వాదన పూర్తిగా మింగుడుపడదు, అది కూడా కంప్యూటర్ నమూనాల మీద చెప్పిన మాటే కాబట్టి. కానీ విత్తనాల మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు నేల మీద పెట్టలేదన్న ఎత్తిపొడుపు న్యాయమైనదే.

ఇంకో చిక్కు కబురు స్వభావంలోనే ఉంది. తేదీ మారిందన్నది ఒక్కరు చెప్పినా నమ్ముతాం. సిగరెట్ మానేయమనో, కొత్త అలవాటు చేసుకోమనో చెబితే ఒక్కరి మాట చాలదు. రెండో మనిషి, మూడో మనిషి కూడా అంటేగానీ కదలం. అంటే ఇక్కడ రెండో మాటకు మొదటి మాటకన్నా విలువ ఎక్కువ. పైన చూసిన 10, 9, 8 లెక్క తలకిందులైంది! 63 శాతం హామీ కూడా దాంతోపాటే పోయింది. డేమన్ సెంటోలా 2010లో ఆన్‌లైన్‌లో ఒక ఆరోగ్య ఫోరం నడిపి దీన్ని పరీక్షించాడు. స్నేహితుల స్నేహితులు కూడా ఒకరికొకరు తెలిసిన బిగువైన నెట్‌వర్క్‌లో 54 శాతం మంది చేరారు. దూరాలను కలిపే అడ్డదారులున్న నెట్‌వర్క్‌లో 38 శాతమే. ఫోన్ పటంలో సన్న దారాలు గొప్పవన్నాం. అవి వార్తకు గొప్పవి, అలవాటుకు కావు. ఏం చెప్పాలో తేలకుండా ఎవరికి చెప్పాలో అడగడం వల్ల చాలా ప్రచారాలు చతికిలపడతాయి. అలవాటు మార్చాలంటే రమకూ సురేశ్‌కూ చెప్పడమే కరెక్టు కావచ్చు.

ఇదే విద్యను తిరగేస్తే, పాకకుండా ఆపడం ఎలా అన్న ప్రశ్న వస్తుంది. 2018లో పుకార్ల వల్ల మూకదాడులు జరిగాక, వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2019 జనవరిలో అది ప్రపంచమంతటికీ వచ్చింది. అప్పట్లో గ్రూపులో గరిష్ఠంగా 256 మంది. అంటే ఒక్క వేలితో చేరగలిగేవాళ్లు 1,280 మంది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌లను ఒక్కసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేశారు. ఆ రకం మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పింది. బ్రెజిల్, ఇండియా, ఇండోనేషియాల్లోని పబ్లిక్ గ్రూపుల డేటాతో 2019లో చేసిన పరిశోధన మాత్రం, ఇలాంటి పరిమితులు పాకుడును ఆలస్యం చేస్తాయి గానీ బాగా వైరల్ అయ్యేదాన్ని ఆపలేవని తేల్చింది. గమనించండి, ఇక్కడ ఎవరినీ ప్రభావశీలి అని వేలెత్తి చూపలేదు. మెసేజ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, లోపల ఏముందో కంపెనీకే కనపడదు. అందుకే మనుషుల జోలికి పోకుండా అందరి దారులూ ఒకే కొలతన సన్నం చేశారు.

పటం లేకపోతే

కాల్ రికార్డులు అందరికీ దొరకవు, దొరక్కూడదు కూడా. మరి పటం చేతిలో లేనివాళ్ల గతేమిటి?

ఒక చిట్కా 1991లో స్కాట్ ఫెల్డ్ రాసిన సంగతిలోంచి వచ్చింది. సగటున, మీ స్నేహితులకు మీకన్నా ఎక్కువమంది స్నేహితులుంటారు. ఇందులో మనసు నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు. పదిమంది స్నేహితులున్న మనిషి పదిమంది జాబితాల్లో కనపడతాడు, ఒక్కరే ఉన్నవాడు ఒక్క జాబితాలోనే. కాబట్టి ఎవరినో ఒకరిని గుడ్డిగా పట్టుకుని "నీ స్నేహితుడి పేరొకటి చెప్పు" అంటే, ఆ చెప్పిన పేరు మొదటి మనిషికన్నా నెట్‌వర్క్ మధ్యలో ఉండే అవకాశం ఎక్కువ. 2009 చివర్లో ఫ్లూ వచ్చినప్పుడు నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ హార్వర్డ్‌లో 744 మంది విద్యార్థులను ఇలాగే రెండు బృందాలుగా చూశారు. స్నేహితులుగా పేర్లు వచ్చినవాళ్లలో జబ్బు దాదాపు రెండు వారాలు ముందే కనపడింది.

ఇంకా తిన్నని దారి అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డఫ్లో, మాథ్యూ జాక్సన్‌లది. వాళ్ల పరిశోధన 2019లో అచ్చయింది. కర్ణాటకలోని 213 గ్రామాల్లో ఒక చిన్న పోటీ పెట్టారు. ఫలానా నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, సెల్‌ఫోనో డబ్బో గెలుచుకునే అవకాశం. ఈ కబురును ఊరికి కొద్దిమంది చెవిన మాత్రమే వేశారు. కొన్ని ఊళ్లలో ఎవరినో గుడ్డిగా ఎంచుకున్నారు. కొన్నింటిలో ఊరిపెద్దలను. మిగతావాటిలో "ఇక్కడ ఏదైనా కబురు అందరికీ తెలియాలంటే ఎవరికి చెప్పాలి?" అని ఊరివాళ్లనే అడిగి, వాళ్లు చెప్పిన పేర్లను. గుడ్డిగా ఎంచుకున్న ఊళ్ల నుంచి సగటున ఎనిమిది కాల్స్ వచ్చాయి. ఊరిపెద్దలతో మొదలుపెట్టిన చోట అంతకన్నా మెరుగేమీ లేదు. జనం చెప్పిన పేర్లతో మొదలుపెట్టిన ఊళ్ల నుంచి దాదాపు పన్నెండు. హర్యానాలో పిల్లల టీకాల గురించి గుర్తుచేయడానికి ఇదే పద్ధతి వాడితే, గుడ్డిగా ఎంచినవాళ్లతో పోలిస్తే టీకాలు 22 శాతం పెరిగాయి.

అంతకుముందే ఇంకొన్ని ఊళ్లలో ఎవరికి ఎవరు తెలుసో ఇంటింటికీ తిరిగి పటం గీసి చూశారు. జనం చెప్పిన పేర్లు ఆ పటంలో సరిగ్గా నడిబొడ్డునే ఉన్నాయి. ఆ జనంలో ఎవరి దగ్గరా పటం లేదు, ఎవరూ అల్గారిథమ్ నడపలేదు. పరిశోధకులు ఇచ్చిన వివరణ ఇది: కబురు మనదాకా వచ్చినప్పుడు దాంతోపాటు అది ఎవరి నుంచి బయల్దేరిందో కూడా తరచూ వస్తుంది. "ఫలానా ఆవిడ చెప్పిందట." ఏ పేరు ఎన్నిసార్లు వినపడిందో మనకు తెలియకుండానే మనసులో లెక్క పడిపోతూ ఉంటుంది. ఎక్కువసార్లు వినపడ్డ పేరే ఎక్కువ దూరం వినపడే పేరు.

ఇది చదివాక మా గ్రూపులో ముగ్గురిని విడివిడిగా అడిగాను, ఏదైనా అందరికీ తెలియాలంటే ఎవరికి చెప్పాలని. ముగ్గురూ పిన్ని పేరే చెప్పారు. నాలుగో ఫోన్ చేయబోతుంటే పిన్నే ఫోన్ చేసింది. "ఏంట్రా, నా గురించి ఏదో అడుగుతున్నావట?"